బలుసుతిప్ప నుంచి ఒక సీసా నీళ్లు

కాట్రేనికోన సెంటర్లో, ఎరువుల కొట్టు పక్కన
నా ల్యాబు.
తెల్లారగానే రొయ్యల రైతులు బళ్ల మీద వస్తారు,
చెరువు నీళ్లు మందు సీసాల్లో పట్టుకుని.
పరీక్షించి ఒక అంకె చెబుతాను.
అంకె తగ్గితే ఎన్ని బస్తాల సున్నమో చెబుతాను.
అంతకు మించి నీటితో నాకు మాటల్లేవు.

ఆషాఢంలో ఒకరోజు
పేసింగి ధర్మాలు వచ్చాడు.
తువ్వాల్లో చుట్టిన సీసాని
చంటిదాన్ని దించినట్టు బల్ల మీద దించాడు.
"దీని పులుపెంతో సూడు బాబూ."
ఏ చెరువుదన్నాను.
"సంద్రానిది."

రసీదులో గళ్లుంటాయి:
రైతు పేరు. చెరువు ఎన్నెకరాలు. పిల్ల వేసి ఎన్ని రోజులు.
మొదటి గడి దగ్గరే
పెన్ను ఆగిపోయింది.

ఆయన చెప్పిందిది.
గొరక మగది పిలుస్తుంది.
గొంతుతో కాదు, కడుపులో గాలితిత్తిని కొట్టుకుని,
మంట మీద కాచిన డప్పుని
వేళ్లతో సరిచూసినట్టు.
పొద్దు గూకే వేళ, పోటు తిరిగి పాటు మొదలయ్యేటప్పుడు,
గోదారి ఉప్పులో కలిసే చోట
వందల మగవి ఒక్కసారే.
గుడ్లతో బరువెక్కిన ఆడది
ఆ చప్పుడు పట్టుకుని వస్తుంది.

వాళ్ల నాన్న తెడ్డు నీట్లోకి దించి
పిడి చెవికి ఆనించి వినేవాడట.
విన్న రాత్రి వల తీసేవాడు కాదట.
"పెళ్లివారి మజ్జన వలేంట్రా" అనేవాడట.
(మర్నాడు వేసేవాడు. అదీ ధర్మాలే
నవ్వుతూ కలిపాడు.)

"ఈ యేడు మగవి కొడతానే ఉన్నాయి.
ఆడవి పక్కనించే పోతన్నాయి,
తీర్థంలో తప్పిపోయినోళ్లలాగ."

నాకు తెలిసింది చెప్పాను.
మన పొగల్లో కొంత సముద్రం మింగుతుందని,
మింగింది లోపల పులుస్తుందని,
నత్త గుల్ల కట్టుకునే సున్నానికీ
చేప చెవిలో రాయి పేరుకునే సున్నానికీ
లెక్క తప్పుతుందని,
ఎక్కడో దూరాన గాజుతొట్లలో
కొన్ని చేపల్ని పెట్టి చూశారని.
మన గొరకని ఎవరైనా చూశారో లేదో
నాకు తెలియదని కూడా చెప్పాను.

ఆయన చాలాసేపు సీసా వంక చూశాడు.
"పులుపు మేం కూరలో యేత్తాం బాబూ. సచ్చాక.
బతికుండగా యేసిందెవరు?"

ఏడు పాయింటు తొమ్మిది.
గోడ మీది పట్టీలో అది ఆకుపచ్చ గీత.
రొయ్యకైతే బాగుంది.
'బాగుంది' అన్న రబ్బరు ముద్ర కూడా ఉంది నా దగ్గర.
వెయ్యలేదు.
ఒక్క సీసా ఏం చెబుతుంది,
అదీ వరద నీరు కలిసే చోట,
అంకె పూటకోలా ఉండే చోట?

"సెరువుకైతే సున్నం జల్లమంటావు.
దీనికెన్ని బస్తాలు?"

ఆ శనివారం నన్ను నావ ఎక్కించాడు.
మడచెట్లు దాటాక ఇంజను ఆపేశాడు.
తెడ్డు పిడి చల్లగా ఉంది, దవడకి తడి తగిలింది.
మొదట నా రక్తమే వినబడింది.
తర్వాత, చాలా కింద,
డుబ్. డుబుడుబు.
ఒక్కటే.
ఆగింది. చెవి ఒగ్గినట్టుంది.
మళ్లీ కొట్టింది.
ఎవరైనా వచ్చారో లేదో తెడ్డు చెప్పదు.
ధర్మాలు నన్నేమీ అడగలేదు.

తిరిగొచ్చాక ఆయన భార్య నూకరత్నం
పొద్దుటి గొరక తల పగలగొట్టి
రెండు తెల్లరాళ్లు తీసింది, చిక్కుడు గింజలంత.
హార్లిక్స్ సీసాలో దాస్తుందట,
మనవరాళ్లు అచ్చంగాయలు ఆడుకోడానికి.
ఈ రెండూ నా చేతిలో పెట్టింది.
ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూశాను.
జత కుదిరిందో లేదో
నా కంటికి అందలేదు.

రసీదు ఇంకా బల్ల మీదే ఉంది.
రైతు పేరు ఖాళీ. ఎకరాలు ఖాళీ.
పిల్ల వేసి ఎన్ని రోజులు అన్న గడి మీద
ఆ రాళ్లు రెండూ పెట్టాను,
ఫ్యాను గాలికి
కాగితం ఎగిరిపోకుండా.